ఎనిమిది జతల బూట్లు

మధ్యాహ్నం ఒంటిగంట నలభైకి నేను ఆ ఓడ భోజనాల గదిలోకి అడుగుపెట్టేసరికి బల్లమీద ఎనిమిది కంచాలున్నాయి. ఎనిమిదింట్లోనూ తిండి ఉంది. నిన్న పొద్దున వడ్డించింది, ఎండి అట్టకట్టింది. ఒక కంచంలో రొట్టె అంచులు కోసేసి ఉన్నాయి. ఇంకోదాంట్లో ఉల్లిపాయలు ఏరి పక్కన పెట్టి ఉన్నాయి. ఒక కుర్చీ కాస్త వెనక్కి జరిగి ఉంది, ఎవరో చెయ్యి కడుక్కోవడానికి ఇప్పుడే లేచినట్టు.

"ఏదీ ముట్టుకోకండి మేడం," అన్నాడు వెనకనుంచి రేవు పోలీసు ఇన్‌స్పెక్టరు. "ఈ కేసు మూసేశాం."

"మూసేసిన కేసుకి మీరెందుకండీ కాపలా?"

ఆయన మూతి ముడుచుకున్నాడు. రేవులో అందరూ ఆయన్ని లంగరు అంటారు. ఒక అభిప్రాయం మీద దిగబడ్డాడంటే క్రేను పెట్టి లాగినా కదలడు. నాకూ ఒక పేరుంది, చీమ. నౌకా సబ్సిడీ శాఖలో పరిశోధకురాలిని. బెల్లం ఎక్కడుంటే అక్కడికి నేను చేరతానని కంపెనీలవాళ్లు పెట్టిన పేరది. నాకు నచ్చింది కాబట్టి ఉంచుకున్నాను.

గుమ్మం దగ్గర ఒక నలభయ్యేళ్ల ఆవిడ నిలబడి ఉంది. చేతిలో ఉత్తరాల కట్ట. ఈ ఓడ వంటవాడికి ఆవిడ సొంత అక్క. బట్టలు కుట్టి బతుకుతుంది. నిన్నటినుంచి ఏమీ తిన్నట్టు లేదు. "అమ్మా, మా తమ్ముడు చెప్పకుండా ఎక్కడికీ పోడు," అనే ఒక్క మాటే పొద్దుటినుంచి పదిసార్లు అంది.

ఇక్కడ చట్టం సంగతి కాస్త చెప్పాలి. దీన్ని చదివినవాళ్లు తక్కువ, తిన్నవాళ్లు ఎక్కువ. నిజానికి మంచి చట్టమే. యుద్ధమొస్తే పరాయిదేశపు ఓడలు మన సరుకు మొయ్యవు, కాబట్టి మన జెండాతో మన ఓడలు ఉండాలన్నారు. సరుకు లేక ఖాళీగా ఉన్న ఓడని కూడా తుక్కు కింద అమ్మెయ్యకుండా రేవులో నిలిపి ఉంచితే ప్రభుత్వం నెలనెలా సాయం చేస్తుంది. ఒకటే షరతు. పిలిచిన మూడు రోజుల్లో కదలాలి. అందుకని ఎనిమిదిమంది సిబ్బంది పగలూ రాత్రీ ఓడలోనే కాపురముండాలి. ఏడుగురైతే కుదరదు. ఈ ఓడ గల కంపెనీకి ఇలాంటివి పదకొండు. చట్టాన్ని ఇంకో పదేళ్లు పొడిగించాలా వద్దా అని రేపు చట్టసభలో ఓటింగు.

నిన్న పదిగంటలకు మా సర్వేయరు చెప్పాపెట్టకుండా ఈ ఓడెక్కాడు. కంచాల్లో తిండి వేడిగా ఉంది. పడకల మీద దుప్పట్లు నలిగి ఉన్నాయి. మనిషన్నవాడు లేడు. గంటసేపు పిలిచి, భయమేసి దిగిపోయానని ఆయనే నాతో ఒప్పుకున్నాడు. ముప్పయ్యేళ్ల సర్వీసున్న మనిషి.

"ఈ ఓడ సూపరింటెండెంటుని పిలవండి," అన్నాను.

కంపెనీ సూపరింటెండెంటు నడవలోనే ఉన్నాడు. తెల్లచొక్కా, మెత్తటి గొంతు. చెప్పిందే చెప్పాడు. సిబ్బంది ఎనిమిదిమందీ సరుకుల వంకతో పడవ దింపుకుని ఒడ్డుకెళ్లి అటే పారిపోయారట.

"పడవ ఎన్నింటికి వెళ్లింది?"

"తొమ్మిదిన్నరకండి. మా కాపలావాడు ఒడ్డునుంచి చూశాడు."

"తిండి పదింటికి వేడిగా ఉంది. అరగంట ముందు పారిపోయేవాళ్లు ఎనిమిది కంచాల్లో వడ్డించి మరీ పోయారా?"

"తొందరలో ఏం చేశారో నాకేం తెలుసు మేడం?"

"పడవ కట్టిన తాడు చూశాను. కోసేసి ఉంది. ఓడమీద పనిచేసేవాడు ముడి విప్పుతాడు గానీ తాడు కొయ్యడు. తాడంటే వాడికి ప్రాణం. కోసింది ఒడ్డున పెరిగినవాడెవడో."

ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "ఓడని మేం వదులుకుంటున్నాం. ఇక మీ సబ్సిడీ అక్కర్లేదు, మీకూ మాకూ చెల్లు. నాలుగింటికి ఎలుకల మందు గ్యాసు వదులుతారు. నాలుగున్నరకి సముద్రం పోటెత్తగానే తుక్కు రేవుకి లాక్కెళతారు. గ్యాసు పడవ వచ్చేసింది కూడా."

"ఆ గ్యాసు మనుషుల్ని చంపదా?" అంది అక్క ఉన్నట్టుండి.

"ఓడలో మనుషులుంటే కదమ్మా," అన్నాడు సూపరింటెండెంటు చాలా మర్యాదగా. "ఎవరూ లేరని ఇన్‌స్పెక్టరు గారు సంతకం పెట్టారు."

ఆ మర్యాద నా ఒంటికి పడలేదు.

రెండూ పదికి పడకగదులు చూశాం. ఎనిమిది గదులు, తలుపుల మీద ఒకటినుంచి ఎనిమిది దాకా అంకెలు. ఒక్కో గదిలో ఒక్కో వాసన. మొదటిదాంట్లో తలనూనె, రెండోదాంట్లో పొగాకు, నాలుగోదాంట్లో కర్పూరం. మూడో గదిలో గోడమీద ఎవరో పసిపాప బొమ్మ. ఐదోదాంట్లో సగం ఆడిన చదరంగం. ఎనిమిదిమంది ఎనిమిది రకాల మనుషులు. ఎవరి ఇష్టం వాళ్లది. గుమ్మాల దగ్గర ఒక్కో జత పనిబూట్లు.

నేను వంగి ఒక బూటు తిరగేశాను. తర్వాత పక్కగదిది. ఎనిమిది జతలూ తెచ్చి నడవలో వరసగా బోర్లించాను.

"ఏంటి మేడం, చెప్పుల కొట్టు పెడతారా?" అన్నాడు లంగరు.

"ఎడమ మడమలు చూడండి."

ఎనిమిది ఎడమ బూట్లూ మడమ దగ్గర బయటివైపు అరిగి ఉన్నాయి. ఒకేచోట, ఒకే వాలులో. సైజులు మాత్రం వేరు. చిన్న సైజువాటికి వెనకభాగం బ్లేడుతో చీల్చి ఉంది, పెద్ద పాదం పట్టేలా.

"సిబ్బంది నిజంగా ఉన్నారో లేదో తెలుసుకోవడానికి మా సర్వేయర్లు బూట్ల అడుగులు చూస్తారు," అన్నాను. "కొత్తగా మెరుస్తుంటే దొంగ సిబ్బంది అన్నమాట. ఆ సంగతి తెలిసినవాడెవడో రోజుకో జత వేసుకుని ఓడంతా తిరిగాడు. ఎనిమిది జతలూ అరగదీశాడు. కానీ మనిషి మారడుగా, నడక ఒక్కటే."

అక్క గోడ పట్టుకుంది. "చిన్నప్పుడు చెట్టుమీంచి పడ్డాడమ్మా. ఎడమకాలు వంకరగా అతుక్కుంది. కుంటివాణ్ణని ఏ ఓడవాళ్లూ తీసుకోలేదు. వీళ్లు తీసుకున్నారని ఎంత మురిసిపోయామో." ఆవిడ గదుల్లోకి వెళ్లి కొక్కేలకున్న చొక్కాలు ఒక్కొక్కటే పట్టి చూసింది. అన్నిటి గుండీలూ ఒకేలా కుట్టి ఉన్నాయి, కింద నాలుగు చుట్లు చుట్టి ముడి లోపలికి దాచి. "ఇది నేను నేర్పిన కుట్టు," అంది.

పద్నాలుగు నెలలు ఈ ఇనుప ఇంట్లో ఒక్కడు ఎనిమిదిమంది కాపురం చేశాడు. ఎనిమిది పక్కలు నలిపాడు. ఎనిమిది కంచాలు పెట్టాడు. ఉల్లిపాయ గిట్టనివాడి కోసం ఉల్లిపాయలు ఏరాడు.

"ఆ ఉత్తరాలివ్వండి," అన్నాను.

మొదటి పదకొండు నెలలవీ తమ్ముడి రాతే. చివరి మూడు వేరే చేతిరాతలో ఉన్నాయి. ఆఖరిది చదివాను. *అక్కగారికి, మీ తమ్ముడు ఈమధ్య సరిగ్గా తినడంలేదు. నిద్రలో ఏడుస్తున్నాడు. మేము ఏడుగురం చూసుకుంటున్నాం. మీరు దిగులు పడవద్దు. ఇట్లు, మూడోవాడు.*

"ఎంత మంచివాళ్లో అనుకున్నానమ్మా," అంది అక్క. "వాళ్లందరికీ ఉన్ని టోపీలు కుట్టి పంపాను. ఏడు."

లంగరు మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. వెంటనే సర్దుకున్నాడు. "సరే, ఒక్కడే ఉన్నాడనుకుందాం. ఆ ఒక్కడే పడవలో పోయాడు. నా మనుషులు ఆరుగురు మూడుగంటలు వెతికారు. నేను రాసింది రాసిందే."

"ఇంజను గది చూపించండి," అన్నాను.

రెండూ యాభైకి ఇనుప మెట్లు దిగి అట్టడుగుకి వెళ్లాం. ఇంజను పక్కనే కిటికీల్లేని చిన్న అదుపు గది. బల్లమీద కాపలా పుస్తకం. నిలిపి ఉంచిన ఓడకి ప్రమాదం అడుగునుంచే వస్తుంది. ఎక్కడో చెమ్మ చేరుతూనే ఉంటుంది. అందుకని నాలుగుగంటలకోసారి కాపలావాడు కొలకర్ర ముంచి అడుగున చేరిన నీళ్లు ఎన్ని అంగుళాలున్నాయో పుస్తకంలో రాయాలి. ఓడపనిలో మొదట నేర్పేది ఇదే. నిద్రలో లేపినా ఓడవాళ్ల చెయ్యి ఆ కర్రకోసమే వెతుకుతుంది.

ఎనిమిది చేతిరాతలు, వంతులవారీగా, పక్కన ఎవరి గది అంకె వాళ్లది. ఒకటి గుండ్రంగా, ఒకటి గొలుసుకట్టు, ఒకటి ఎడమచేతివాటం. ఉత్తరంలోని మూడోవాడి రాత కూడా వాటిలో ఉంది. మొదటి పేజీలో వంటవాడి రాత: *పైవాళ్ల మాట. చెప్పకుండా ఎవరైనా వస్తే కనబడకూడదు. ఒక్కడు కనబడితే ఒక్కడే ఉన్నట్టు. ఎవరూ కనబడకపోతే ఎనిమిదిమందీ ఉన్నట్టే.*

"పైవాళ్లంటే ఎవరు? పేరు లేదుగా," అన్నాడు లంగరు.

నేను పేజీలు తిప్పుతూ పోయాను. మొదట్లో ఉత్త అంకెలే. ఆరో నెలనుంచి అంకెల పక్కన మాటలు మొదలయ్యాయి. *రెండోవాడి గురక వల్ల నిద్ర లేదని నాలుగోవాడి ఫిర్యాదు. ఇద్దరికీ సర్ది చెప్పాను.* తొమ్మిదో నెలలో: *రేపు తనిఖీ అని కబురొచ్చింది. ఒడ్డునుంచి కిరాయి మనుషులు ఏడుగురు వచ్చారు. మా కంచాల్లో తిన్నారు, మా పక్కలమీద కూర్చున్నారు. మావాళ్లకి చాలా కోపం వచ్చింది.*

చదివి వినిపిస్తుంటే అక్క చెవులు మూసుకుంది. ఆ పనేదో నేనూ చేసేదాన్నే, కానీ చివరి పేజీ చూడాలి. చూశాను.

"ఇన్‌స్పెక్టర్ గారూ, వాళ్లు నిన్న తొమ్మిదిన్నరకి పోయారన్నారు కదా. నిన్న పన్నెండుకి రాత ఉంది. నిన్న నాలుగు, ఎనిమిది, అర్ధరాత్రి, ఇవాళ తెల్లవారి నాలుగు, ఎనిమిది, మధ్యాహ్నం పన్నెండు. అన్నీ ఉన్నాయి."

"ముందే రాసి పెట్టుకుని ఉంటారు. సోమరిపోతులు చేసే పనే అది."

"సరే. మీ మనుషులు అడుగునీళ్లు ఎప్పుడు తోడించారు?"

"పదీ నలభైకి. గ్యాసువాళ్లు అడిగారు. పదకొండున్నరకి అందరూ దిగిపోయారు."

"ఎనిమిదింటికి ముప్పైఒక్క అంగుళాలని ఉంది. పన్నెండింటికి నాలుగు." కొలకర్ర తీసి ముంచి ఆయన మొహం ముందు పెట్టాను. తడి నాలుగు గీత దాటి పిసరంత పైన ఆగింది. "ఇవాళ నీళ్లు తోడతారని నిన్ననే ఎవడికి తెలుసు?"

ఆయన ఆ తడి గీతని వేలితో తడిమి చూశాడు. మొండివాడేగానీ మోసగాడు కాదు. కాకపోతే సంతకం పెట్టిన మనిషి.

"తోడిన కూలీల్లో ఎవడో సరదాకి రాసుంటాడు."

"ఆరోవాడి చేతిరాతలోనా?"

"నేను వెతికించాను మేడం! మీ అధికారం సబ్సిడీ వరకే. ఓడ ఆపాలన్నా కదలాలన్నా నా చెయ్యి పడాలి. ఈ పెద్దపోటు దాటితే మళ్లీ పదిహేను రోజులు ఆగాలి. పైనుంచి నాకు ఇప్పటికి నాలుగు ఫోన్లొచ్చాయి."

"అయితే వినండి. ఎక్కడ దాక్కున్నాడో నాకు తెలీదు. ఈ ఇనుపకొండలో మూడుగంటలు కాదు, మూడురోజులు వెతికినా దొరకడు. కానీ నాలుగింటికి నీళ్లు కొలవడానికి వస్తాడు. రాకుండా ఉండలేడు. పద్నాలుగు నెలలుగా నాలుగుగంటలకి మించి ఒక్క కునుకు తియ్యని మనిషి వాడు. వాడొచ్చే వేళకే మీరు గ్యాసు వదులుతున్నారు. నేను ఇక్కడే కూర్చుంటాను."

"నాలుగుకి ఐదు నిమిషాలుండగా వస్తాను. అప్పటికీ మీరు లేవకపోతే మోసుకెళ్లైనా దించేస్తా."

"నా బరువు మీకు తెలీదు," అన్నాను. ఆయన మెట్లెక్కి వెళ్లిపోయాడు.

మూడూ పదికి మేమిద్దరమే మిగిలాం. నా టార్చి వెలుతురు బల్లమీద పడుతోంది. ఓడ కడుపులో ఎక్కడో నీటిబొట్టు పడుతోంది, ఆగుతోంది, మళ్లీ పడుతోంది. ఒకసారి గోడ అవతల ఎవరో దగ్గినట్టనిపించింది. ఇంకోసారి చాలా దూరంనుంచి ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు వినిపించింది. ఒక గొంతు బొంగురు, ఒక గొంతు సన్నం. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఒక్కడే అన్నావుగా అమ్మా?" అంది గుసగుసగా.

ఈ ఉద్యోగంలో దయ్యాల్ని కాగితాల మీదే చూశాను, వాటికి గొంతులుండవు. నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది.

మూడూ యాభై అయిదుకి పైమెట్ల మీద బూట్ల చప్పుడు. లంగరు. మాటంటే మాటే. "పదండి మేడం, ఇక చాలు," అంటూ లోపలికొచ్చినవాడు నేను చెయ్యెత్తగానే ఆగిపోయాడు.

ఇంజను వెనకనుంచి, ఓడని నడిపే నీటిపంకా ఇరుసు సాగే సొరంగం వైపునుంచి అడుగులు వస్తున్నాయి. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడ్చుకుంటూ.

గడ్డం పెరిగిన మనిషి తలవంచుకుని వచ్చాడు. తలమీద ఉన్ని టోపీ. మేం ముగ్గురం అక్కడ లేనట్టే నా పక్కనున్న కొలకర్ర తీసుకుని వెళ్లి నీళ్లు కొలిచాడు. తిరిగొచ్చి పుస్తకం తెరిచి గడియారం చూశాడు. ఇంకా రెండు నిమిషాలుంది. కలం పట్టుకుని నిలబడ్డాడు. నాలుగు కాగానే రాశాడు. గొలుసుకట్టు రాత.

"చిన్నోడా," అంది అక్క.

అతను తలెత్తాడు. కళ్లలో ఏ గుర్తూ లేదు. "ఎవరికోసం వచ్చారు?" గొంతు బొంగురుగా ఉంది. "వంటవాడి కోసమా? వాడు లేడమ్మా. నిన్న ఆఫీసరు వచ్చినప్పుడు బయటికెళ్లి అంతా చెప్పేస్తానన్నాడు. మా అందరి పనీ పోతుందిగా మరి? ఓటు పెట్టాం. వాడొక్కడు ఒకవైపు, మేం ఏడుగురం ఒకవైపు. జాబితాలోంచి కొట్టేశాం."

ఎదురుగా బతికి నిలబడ్డ తమ్ముడే తమ్ముడు లేడని చెబుతుంటే ఏ అక్క మాత్రం ఏమంటుంది?

అప్పుడే పైన ధనామని చప్పుడైంది. ఆ వెంటనే ఇంకోటి. ఇనుప తలుపులు మూస్తున్నారు.

లంగరు మెట్లవైపు ఉరికాడు. సగంలో ఆగి జేబులు తడుముకున్నాడు. మొహం పాలిపోయింది. "ఆ కాగితం... దిగుతుంటే సూపరింటెండెంటు అడిగాడు. ఫైలుకని ఇచ్చేశాను."

"మీరు లోపలికి రావడం చూశాడా?"

"చూశాడు. టైముకి వచ్చేస్తారుగా అన్నాడు నవ్వుతూ."

ఎవరూ లేరని రాసిన కాగితం వాడి చేతిలో ఉంది, కింద ఇన్‌స్పెక్టరు సంతకం. రేపు మా నలుగురి శవాలూ దొరికినా తప్పు సంతకం పెట్టినవాడిదే. లంగరు ఫోను తీసి చూశాడు. ఇన్ని ఇనుపరేకుల కింద అది పనిచెయ్యదు. పైగొట్టాల్లోంచి బుసలాంటి చప్పుడు మొదలైంది. బాదం కుళ్లినట్టు సన్నగా వాసన.

"నువ్వు దాక్కున్న చోటు చూపించు," అన్నాను అతనితో. "బయటికి దారుందా?"

"ఉంది. అది సిబ్బందికే. మీరు జాబితాలో లేరు." నిక్కచ్చిగా చెప్పి పుస్తకం మూశాడు. లంగరు అతని కాలరు పట్టుకోబోతే ఆపాను. ఈ మనిషి ఒక్కడికే తెలిసిన దారి కోసం పీక పట్టుకుంటే లాభంలేదు.

అప్పుడు అక్క ముందుకొచ్చింది. కళ్లు తుడుచుకుంది. కొట్టులో బేరానికి నిలబడ్డ మనిషిలా నిటారుగా నిలబడింది.

"వంటవాణ్ణి తీసేశాక ఇప్పుడు మీరెంతమంది?"

"ఏడుగురం."

"చట్టం ఎనిమిది అంటుందట కదా? రేపు తనిఖీకొస్తే ఏం చెబుతారు?"

అతని మొహంలో కలవరం కనబడింది. పెదాలు కదిలాయి. ఒక గొంతు తర్వాత ఇంకో గొంతు, ఏదో గొణుక్కున్నాడు. ఏడు గొంతులూ నేను లెక్కపెట్టాను.

"వంటవాడి చోటు ఖాళీగా ఉంది," అంది అక్క. "నాకు వంట వచ్చు. ఎవరికి ఉల్లిపాయ గిట్టదో, ఎవరికి రొట్టె అంచులు వద్దో కూడా తెలుసు. నన్ను రాసుకోండి. వీళ్లిద్దరూ నాతోపాటు వచ్చిన సామాను మోసేవాళ్లు."

బుస పెద్దదైంది. నా గొంతు మండుతోంది. అతను పుస్తకం తెరిచాడు. కొట్టేసిన గీత పక్కన నిదానంగా, ఒక్కో అక్షరమే ఒత్తి రాశాడు. ఇసక చల్లి ఆరబెట్టేంత ఓపికగా ఊదాడు. నాకు అరవాలనిపించింది.

"ఎనిమిది," అన్నాడు. "సరిపోయింది. గ్యాసు వస్తే సిబ్బంది అంతా పైకెక్కాలి. నిబంధన."

సొరంగంలో ఒంగి నడిచాం. చివర నిలువుగా పైకి పోయే చీకటి గొట్టం, గోడకి ఇనుప మెట్లు. పైన మూత తెరుచుకుంటుందో లేదో, దాన్ని కూడా మూసేశారో మాలో ఎవరికీ తెలీదు. లంగరు ముందుగా మెట్టుమీద కాలుపెట్టబోయాడు. తమ్ముడు చెయ్యి అడ్డంపెట్టి అక్కని ముందుకు తెచ్చాడు. ఆవిడ అరచెయ్యి మొదటి మెట్టుకి ఆనించాడు.

"వంటావిడ ముందు," అన్నాడు. "పోయిన వంటవాడికి మేం చాలా అన్యాయం చేశాం."